గాయ లబ్ధిదారు

మా పాలమెట్టవలసలో కార్జం అంటే ఆదివారం మాంసం కొట్టు దగ్గర ముందుగా చెప్పి పక్కన పెట్టించుకునేది. అది మనుషులకూ ఉంటుందని, దాని అసలు పేరు కాలేయమని, దాన్ని కాపాడుకోవాలని దివాకరం గారు వచ్చి చెప్పేదాకా ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు.

మా ఇంట్లో మాత్రం తెలుసు. కిందటి వేసవిలో నాన్న కళ్లు పసుపు ముద్దల్లా అయిపోయాయి. పెద్దాసుపత్రిలో చాలా రోజులు పడుకుని లేచాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి, ఇక మీదట ఒక్క చుక్క లోపలికి వెళ్లినా మళ్లీ ఇక్కడికి తీసుకురావడం దండగ అని చెప్పింది. సారా ఒక్కటే కాదు, పసర్లు, నూనెలు, ఎవరో మంచిదని ఇచ్చిన మందులు కూడా తన్ను అడగకుండా వద్దంది. అప్పటి నుంచి నాన్న తాగలేదు. తాగడానికి ఊళ్లో దొరికేది కాదు కూడా. అంతకు ముందే అమ్మా వాళ్లూ చీపుర్లు పట్టుకుని వెళ్లి బెల్టు షాపు మూయించేశారు.

దివాకరం గారు సుగంధ తైల కాలేయ సంరక్షణ పథకానికి ప్రాజెక్టు అధికారి. మా కొండవాలు మీద నిమ్మగడ్డి పండుతుంది. దాన్ని బట్టీలో పెట్టి ఆవిరి పట్టి నూనె తీస్తారు. ఆ నూనె కొనేవాళ్లు తగ్గిపోయి, డబ్బాలు గోడౌనులో నిలవ పడి ఉన్న సమయంలోనే ఈ పథకం పుట్టింది. రెండింటికీ సంబంధం లేదని దివాకరం గారు మొదటి సభలోనే, ఎవరూ అడగకముందే చెప్పారు.

ఆయన మాట్లాడితే గోడ మీద అంటించిన ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది. ఎక్కడో ఎవరో శాస్త్రజ్ఞులు ఎలుకలకు ముందుగా మొక్కల నూనె పట్టించి, ఆ తర్వాత కాలేయాన్ని పాడు చేసే విషం ఇచ్చారట. నూనె తాగిన ఎలుకల కాలేయాలు తక్కువ పాడయ్యాయట. ఆ సంగతి చెప్పి ఆయన కళ్లజోడు తీశారు.

"ఎలుకలకు సాధ్యమైనది మనకు అసాధ్యమగునా?" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎలుకల కంటే వెనకబడ్డామని అనిపించుకోవడం ఎవరికిష్టం.

మర్నాటి నుంచి ప్రతి గడపకూ సీసా వచ్చింది. పొద్దున్నే నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగాలి, కుడి డొక్క మీద నాలుగు చుక్కలు రుద్దుకోవాలి. రాసుకున్నామో లేదో చూడడానికి పర్యవేక్షకురాలు నూకరత్నం గారు ఇంటింటికీ వచ్చి వాసన చూసేవారు. దీనికి వాసన హాజరు అని పేరు. బడిలో హాజరు కంటే ఇది కచ్చితంగా ఉండేది. ఒకసారి ఆవిడకు జలుబు చేసింది. ఆ పూట ఊరు ఊరంతా గైర్హాజరు. పెద్దవాళ్లు పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, మేమందరం వాసన వేస్తూనే ఉన్నామండీ అని మొరపెట్టుకోవాల్సి వచ్చింది. ఇలాంటి ఇబ్బంది మళ్లీ రాకూడదని దివాకరం గారు రెండో ముక్కు మంజూరు చేయించారు. అంటే ఇంకొక ఉద్యోగిని వేశారు.

కాలేయం మేకలకూ ఉంటుందని ఎవరో గుర్తు చేస్తే వాటికీ రాయించారు. ఆ వారం మాంసం కొన్నవాళ్లంతా కూరలో నిమ్మకాయ ఎందుకు పిండావని పెళ్లాలతో తగువు పడ్డారు. మా ఊరి బస్సెక్కితే కండక్టరు టికెట్టు ఎక్కడికని మాత్రమే అడిగేవాడు, ఎక్కడ ఎక్కామో అడిగేవాడు కాదు.

ఊరంతటికీ నూనె తగలని మనిషి ఒక్క నాన్నే. డాక్టరమ్మ మాట అమ్మ మర్చిపోలేదు. నూకరత్నం గారు వచ్చినప్పుడల్లా నాన్నను పెరటి దారిన పొలానికి పంపేసి, అత్తారింటికి వెళ్లాడని చెప్పేది. అమ్మకు పుట్టినిల్లు ఆ వీధి చివరే అని తెలియని ఆవిడ, బకాయి అని రాసుకుని వెళ్లిపోయేది. మిగతా ఊరంతా పూర్తయింది కాబట్టి బస్టాపు దగ్గర పచ్చ బోర్డు పెట్టారు. 'కాలేయ సురక్షిత గ్రామం' అని. అలాంటి ఊళ్లకు సిమెంటు రోడ్డు వేస్తారన్న మాట కూడా పాకింది. వర్షాకాలం మా వీధిలో నడవడమంటే ఒక కాలు తీయడానికి ఇంకొకరిని పిలవడమే. అందుకని బోర్డు చూసి నిజంగానే సంతోషపడ్డాం.

ఆ సంతోషం జిల్లా సమీక్షా సమావేశం దాకానే నిలిచింది. అక్కడ పై అధికారి ఒకాయన మా ఊరి అంకెలు చూసి, రక్షణ నూరు శాతం సరే, కాలేయాలకు గాయం ఎంత శాతం అని అడిగారట. సున్నా అని దివాకరం గారు గర్వంగా చెప్పారట. గాయం లేని చోట దేన్నించి రక్షించారు, రక్షణ జరిగినట్టు రుజువేది అని ఆయన అడిగారట.

దివాకరం గారు తిరిగి వచ్చి మళ్లీ సభ పెట్టించారు. ఈసారి ముఖం చిన్నబోయి ఉంది. ఎలుకల విషయంలో రెండు దశలున్నాయని, ముందు నూనె, తర్వాత విషమని, మనం మొదటి దశ మాత్రమే పూర్తి చేసి సంబరపడ్డామని చెప్పారు. పథకం సగంలో నిలిచిపోయిందన్నారు. రుజువు లేకపోతే బోర్డు తీసేస్తారు. బోర్డు పోతే రోడ్డు పోతుంది.

"కావున రెండవ దశగా, ఎంపిక చేయబడిన లబ్ధిదారులకు గాయము అందజేయబడును" అన్నారు.

సర్పంచి సీతంనాయుడు గారు లేచి, విషమంటే జనం ఒప్పుకోరేమోనని నసిగారు. మనుషులకు విషం ఇచ్చేందుకు నిబంధనలు అనుమతించవని దివాకరం గారు కూడా ఒప్పుకున్నారు. అందుకే బాగా ఆలోచించి, కాలేయాన్ని పాడు చేయగలిగినదీ, ప్రభుత్వమే అమ్ముతున్నందున ఆడిటు వాళ్లు అభ్యంతరం చెప్పలేనిదీ ఒక పదార్థాన్ని ఎంచుకున్నారట. దాని పేరు గాయ ద్రవ్యం. ఉచితంగా ఇస్తారు. అది సీసాల్లో వస్తుందని, నంచుకోవడానికి శనగలు కూడా పథకంలోనే ఉన్నాయని చెప్పాక అదేమిటో అందరికీ అర్థమైంది.

మగవాళ్ల వైపు పెద్ద కదలిక వచ్చింది. ఊరి కోసం ఇంతకాలం ఏమీ చేయలేకపోయామన్న బాధ అంతమందిలో ఉందని అంతవరకూ నాకు తెలియదు. మా నాన్నతో పాటు తాగి తిరిగిన గౌరునాయుడు మామయ్య అందరికంటే ముందు లేచాడు.

"రోడ్డు కోసమండి బాబూ. నా కార్జం ఊరికిచ్చీసినాను. ఏటి సేసుకుంటారో సేసుకోండి" అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి, నీ కార్జం ఏనాడో షాపువాడికి ఇచ్చేశావు కదరా అని ఎవరో అన్నారు. నవ్వారు. కానీ రోడ్డు మాట వచ్చేసరికి వాళ్లు కూడా చీపుర్ల సంగతి ఎత్తలేదు.

పేర్లు రాయడం ముగిశాక దివాకరం గారు అసలు చిక్కు చెప్పారు. వీళ్లందరికీ కాలేయాలు ఉన్నాయనడానికి వాళ్ల మాటే తప్ప కాగితం లేదు. గాయానికి ముందు కాలేయం ఎలా ఉందో తెలియకపోతే తర్వాత ఎలా ఉంటే ఏం లాభం? ఊరి మొత్తం మీద ఆసుపత్రి రికార్డు కలిగిన కాలేయం ఒక్కటే ఉందని, అది బకాయిల జాబితాలో కూడా ఉందని, కాబట్టి ఒకే రోజు నూనె, గాయం రెండూ అందించి పని ముగించవచ్చని చెప్పారు. ఆ కాలేయం మా నాన్నది.

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఊరి పెద్దలు మా ఇంటికి వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అదే భయమేసింది. మందలించడానికి వస్తే అమ్మ ఎదురు చెప్పేది. వాళ్లు బతిమాలడానికి వచ్చారు. పురుడొచ్చిన మనిషిని మంచం మీద మోసుకుంటూ బురదలో వెళ్లిన సంగతి చెప్పారు. బడికి వెళ్లే పిల్లల కాళ్ల సంగతి చెప్పారు. ఒక్క గ్లాసు, అది కూడా ఆఫీసరు గారు దగ్గరుండి పోస్తారు, పైగా ముందు నూనె ఇస్తారు కదా అన్నారు. సీతంనాయుడు గారు నాన్న భుజం మీద చెయ్యి వేసి, ఊరు నీ పేరు చెప్పుకుంటుంది తవిటినాయుడూ అన్నారు.

నాన్న పేరు చెప్పుకునే పని ఊరికి అంతవరకూ ఎప్పుడూ పడలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు.

వాళ్లు వెళ్లాక అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏమీ వండలేదు. నాన్నే మాట కలిపాడు. ఊరంతా అడుగుతుంటే కాదనడం ఎలా అన్నాడు. ఒక్క గ్లాసుకేమవుతుంది అన్నాడు. గ్లాసు అన్నప్పుడు ఆయన గొంతు దగ్గర చిన్న ముడి పైకి లేచి కిందికి దిగింది. అది అమ్మ చూసింది. నేను కూడా చూశాను. మేము చూసినట్టు నాన్న చూశాడు.

"తవుడూ, నిన్నాసుపత్రి నుంచి నేను ఒక్కదాన్నే మోసుకొచ్చినాను. ఈళ్లెవులూ రాలేదు" అంది అమ్మ. అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవడం నేను అదే మొదటిసారి వినడం.

నాన్న లేచి బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

గాయ ప్రదానోత్సవం బడి ఆవరణలో జరిగింది. షామియానా వేశారు. మైకు పెట్టారు. వేదిక మీద ఒక బల్ల, దాని మీద నూనె సీసా, పక్కన గాయ ద్రవ్యం సీసాలు, స్టీలు గ్లాసులు. శనగలకు వేరే పళ్లెం. లబ్ధిదారులు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చారు. రికార్డు కలిగిన లబ్ధిదారు కాబట్టి నాన్నను ముందు కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. దండలో నాన్న చాలా సన్నగా కనిపించాడు.

దివాకరం గారు ఎలుకల గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి ఇంకా బాగా చెప్పారు. అప్పుడు అమ్మ ఆడవాళ్ల మధ్య నుంచి లేచి ఒక సందేహం అడిగింది.

"ఆ ఎలకల కార్జాలు బాగున్నాయని ఆళ్లకెలాగ తెలిసిందండి? అయి సెప్పినాయా?"

అమ్మ ఎగతాళికే అడిగింది. దివాకరం గారు మాత్రం సంతోషించారు. ప్రజల్లో శాస్త్రీయ జిజ్ఞాస మేల్కొన్నదని మెచ్చుకున్నారు.

"ప్రయోగాంతమున సదరు ఎలుకలను కోసి, కాలేయములను వెలికి తీసి, కడిగి, తూకము వేసి, పరిశీలించి నిర్ధారించడమైనది" అన్నారు.

మైకులో చెప్పారు కాబట్టి చివరి బెంచీ దాకా వినిపించింది.

ముందు వరుసలో ఒకాయన చేత్తో కుడి డొక్క తడిమి చూసుకున్నాడు. తర్వాత గౌరునాయుడు మామయ్యకు గేదెను కట్టేయలేదని గుర్తొచ్చింది. ఆయన పక్కనున్న ఆయనకు నీళ్ల మోటారు గుర్తొచ్చింది. ఒకాయన మా గేదె కూడా అన్నాడు. ఆయనకు గేదె లేదు. వేదిక వెనక వైపు షామియానా గుడ్డ ఎత్తి ఒకరి తర్వాత ఒకరు దూరిపోయారు. తూకమంటే మాంసం కొట్టు కాటా మీదేనా అని ఎవరో అడుగుతుండగానే అతన్ని కూడా లాక్కుపోయారు. దివాకరం గారు మైకులో, ప్రస్తుత దశలో కోయుట తప్పనిసరి కాదని, అది ఐచ్ఛికమని, రక్త పరీక్షతో సరిపెట్టే అవకాశం పరిశీలనలో ఉన్నదని పదే పదే చెప్పారు. పరిశీలన అన్న మాట వినగానే మిగిలిన లబ్ధిదారులు కూడా వెళ్లిపోయారు.

లబ్ధిదారుల కుర్చీలన్నీ ఖాళీ. దండ వేసుకున్న నాన్న ఒక్కడు మిగిలాడు. ఆయన లేవలేదు. భయం లేక కాదు. దండ వేసినవాళ్లు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్ల వెనక బురద వీధి ఉంది.

దివాకరం గారు నుదురు తుడుచుకున్నారు. ఒక్క లబ్ధిదారు అయినా చాలు, రికార్డు ఉన్నదే ముఖ్యం అన్నారు. నూకరత్నం గారు గ్లాసులో పోశారు. ఆ వాసన మా దాకా వచ్చింది. ఊరంతా నిమ్మగడ్డి వాసన వేస్తున్నా దాన్ని దాటుకుని వచ్చింది. గ్లాసు నాన్న ముందు పెట్టారు. ముందు నూనె, తర్వాత గాయం కాబట్టి, ఇంకో గ్లాసులో నీళ్లు తేవడానికి ఒకరు వెళ్లారు. నాన్న గ్లాసు వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు. చివరికి చూశాడు. చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది.

నేను నిలబడ్డాను. ఎలా నిలబడ్డానో తెలియదు. బడిలో పేరు పిలిచినా పలకడానికి నాకు కాస్త సమయం పడుతుంది. ఏదో అన్నాను, నాకే వినిపించలేదు. పాప ఏదో అడుగుతున్నది, మైకు ఇవ్వండి అన్నారు దివాకరం గారు. మైకు తెచ్చి నా నోటి ముందు పెట్టారు. నా ఊపిరి చెట్ల మీది కాకులకు కూడా వినిపించింది.

"ఏమీ ఇవ్వని ఎలుకలు కూడా ఉంటాయి కదండీ" అన్నాను.

దివాకరం గారు కళ్లజోడు తీశారు.

మా సైన్సు మాస్టారు చిక్కుడు గింజలు నాటించినప్పుడు ఒక కుండీకి ఎరువూ వేయనివ్వలేదు, మందూ కొట్టనివ్వలేదు. అది లేకపోతే మిగతా కుండీల్లో ఏం జరిగిందో చెప్పలేం అన్నారు. ఆ సంగతే చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. ఊళ్లో అందరూ నూనె రాసుకున్నారు, మేకలతో సహా. ఏమీ రాసుకోనిది, ఏమీ తాగనిది మా నాన్న ఒక్కరే అండీ, ఆయనకు కూడా ఇచ్చేస్తే ఇక పోల్చి చూసుకోవడానికి ఊళ్లో ఎవరూ మిగలరండీ అన్నాను.

అంతసేపు మాట్లాడాక కూర్చోవడం మర్చిపోయాను. అమ్మ నా పరికిణీ పట్టి లాగింది.

దివాకరం గారి ముఖం మెల్లగా విప్పారింది. పై అధికారి ఈ ప్రశ్న అడగకముందే తనకు తట్టినందుకు ఆయన సంతోషించారు. తనకే తట్టిందని ఆయన మైకులో చెప్పారు కూడా. నూనె తీసుకోని, గాయము పొందని వ్యక్తి లేనిదే ఏ ప్రయోగమూ చెల్లదని, అట్టి వ్యక్తి లక్షమందిలో ఒకరు కూడా దొరకడం దుర్లభమని, మన గ్రామ అదృష్టం కొద్దీ ముందుచూపుతో ఒకరిని బకాయిగా అట్టేపెట్టడం జరిగిందని అన్నారు. నూకరత్నం గారు సిగ్గుపడ్డారు. గ్లాసు తీసేయించారు. నాన్న చెయ్యి గాల్లోనే కాసేపు ఉండి, దండను సర్దుకుంది.

అక్కడికక్కడే ఉత్తర్వు టైపు చేయించారు. సదరు తవిటినాయుడు, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, సుగంధ తైలము గానీ గాయ ద్రవ్యము గానీ ఏ రూపమున గానీ స్వీకరించరాదు. ఉల్లంఘన జరిగినచో గ్రామము సురక్షిత హోదాను, తత్ఫలితముగా రోడ్డును కోల్పోవును. గ్రామస్థులందరూ బాధ్యత వహించవలెను.

దాంతో నాన్నను కాపలా కాయడం ఊరి పనైపోయింది. ఆయన సంతకు వెళ్తే వెనక ఇద్దరు వెళ్లేవారు. పక్కూరి పెళ్లిలో ఎవరో చాటుగా గ్లాసు అందిస్తే గౌరునాయుడు మామయ్య దాన్ని లాక్కుని తానే తాగేసి, ఊరి కోసం ఎన్ని బరువులైనా మొయ్యాలి బావా అన్నాడట. మొదట్లో నాన్నకు ఇదంతా చిరాకుగా ఉండేది. తర్వాత ఆకలి వేయడం మొదలైంది. తర్వాత కొండవాలుకు ఒక్కడే నడిచి వెళ్లి వచ్చాడు.

దివాకరం గారి నివేదిక బాగా నచ్చి ఆయన్ను పై ఉద్యోగానికి పంపేశారు. రోడ్డుకు కొలతలు వేసి వెళ్లారు. సిమెంటు సగం వీధి దాకా వచ్చింది, అది మా ఇంటి వైపు సగం కాదు. ఆయన స్థానంలో వచ్చిన కొత్తాయన కుర్రవాడు. ఆయనకు వేరే పథకం ఉంది, మోకాళ్ల గురించి. పాత సామాన్లు అప్పగించుకోవడానికి ఒకరోజు వచ్చి, మా అరుగు మీద కూర్చున్న నాన్నను చూసి నవ్వారు. ఆ కాలేయాల పథకం ఎప్పుడో మూసేశారని, ఇక మీకు ఏ నిబంధనా లేదని, స్వేచ్ఛగా ఉండవచ్చని చెప్పారు.

లోపల అమ్మ చేతిలోని చెంబు శబ్దం ఆగిపోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

నాన్న అరుగు మీద కొంచెం ముందుకు జరిగాడు.

"కాయితం ఉందాండి?" అన్నాడు.

కాగితం ఏమీ రాలేదని, అయినా పథకమే లేనప్పుడు కాగితంతో పనేమిటని ఆయన అన్నారు.

"అలాగంటే కుదరదండి బాబూ" అన్నాడు నాన్న. "గవుర్మెంటు వొద్దన్న పని, మళ్లీ గవుర్మెంటు సంతకం సూడకుండా నేనెలాగ సేత్తానండి?"